గాలిపైపు గ్యారంటీ

భీమవరంలో చెరువుల సామాను అమ్మే కొట్లకు కొదవ లేదు. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు, మోటార్లు, గాలిపైపులు, వాల్వులు ఎవరి దగ్గర చూసినా ఒకటే సరుకు. తేడా అల్లా కొట్టువాడి మాటలో ఉంటుంది. మా నాన్న నాకు కొట్టు అప్పజెప్పిన రోజున ఒకటే చెప్పాడు. "రైతు కంపెనీ ముఖం చూడలేదురా, నీ ముఖం చూశాడు." అందుకని ఎవరు ఏ వస్తువుకి గ్యారంటీ అడిగినా "నేనే గ్యారంటీ అండి" అంటూ వచ్చాను. పెట్టుబడి లేని మాట, గిరాకీ మాత్రం బాగా ఉన్న మాట. అలాంటి సరుకు అమ్మేవాడు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. నేను పెట్టుకోలేదు.

విశ్వనాథరాజుగారు నా పాత ఖాతాదారు. ఆకివీడు వెళ్ళే దారిలో ఆయన రొయ్యల చెరువులు ఉన్నాయి. వాటిలో ఒకటి ఎన్నిసార్లు పిల్ల వేసినా తెల్లమచ్చ తెగులుతో పోయేది. ఇంకొకరైతే చేపలకు మార్చుకునేవారు. రాజుగారు దాన్ని పూడ్పించి, రోలరు తిప్పించి, నిలువునా తారు పోయించి రన్‌వే చేశారు. పక్కనున్న మేత గొడౌనులో సగం ఖాళీ చేయించి, పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చిన రెండు సీట్ల విమానాన్ని తన చేతులతో బిగించుకున్నారు. నడపడం నేర్చుకొచ్చారు. కావలసిన కాగితాలన్నీ తెప్పించుకున్నారు. ఒంటరిగా ఎక్కి చెరువుల మీద చక్కర్లు కొట్టి దిగడం కూడా అప్పటికే అయింది.

ఊళ్ళో అందరూ ఆయనకి మతి చలించిందన్నారు. నా లెక్క వేరు. పిల్ల వేసిన రోజు నుంచి పట్టుబడి దాకా కరెంటు పోతుందేమో, వానొస్తుందేమో, రేటు పడుతుందేమో అని గుండె చేత్తో పట్టుకుని తిరిగేవాడికి విమానం పెద్ద సాహసం కాదు. అందులో పడితే తనొక్కడే పడతాడు.

ఆ విమానానికి ఉన్న జబ్బు ఒకటే. వేగం చూపించే ముల్లు చలిజ్వరం వచ్చినట్టు వణికేది. రాజుగారి అన్నకొడుకు ఫణీంద్ర విమానాల చదువే చదివి, ఇప్పుడు చేలకు డ్రోన్లతో మందు కొట్టే వ్యాపారం చేస్తున్నాడు. ఆ కుర్రాడు ముల్లు తీసిపారేసి కొత్త సెన్సార్లు తెప్పించాడు. అగ్గిపెట్టెంత ఉంటాయి, వేగం, ఎత్తు చిన్న తెర మీద అంకెల్లో చూపిస్తాయి. సరుకు బాగానే వచ్చింది గానీ వాటితో వచ్చిన సన్నటి గొట్టాలను మాత్రం గొడౌనులో ఎలుకలు కొరికేశాయి. రొయ్యల మేత వాసన మరిగిన ఎలుకలవి, వాటికి ఏదైనా మేతే.

ఆ గొట్టాల కోసం బాబాయి, అబ్బాయి ఇద్దరూ నా కొట్టుకొచ్చారు. కొట్లో అప్పటికి నలుగురైదుగురు రైతులున్నారు. రొయ్యపిల్లని ఉంచే సీడు ట్యాంకులకి వాడే సన్నటి సిలికాన్ పైపు చుట్ట తీసి చూపించాను. ఫణీంద్ర దాన్ని నలిపి, వంచి, మడిచి చూశాడు.

"బాగుంది అంకుల్. ఎండకి గట్టిపడదు కదా?"

"చెరువు గట్టు మీద ఎండకే తట్టుకుంటుంది నాన్నా. నీ విమానం నీడలోనే కదా ఉండేది."

"గ్యారంటీ ఉందా శెట్టిగారూ?" అన్నారు రాజుగారు.

"నేనే గ్యారంటీ అండి."

రాజుగారు పైపు చుట్ట బల్ల మీద పెట్టి నా వంక చూశారు. "మీరే గ్యారంటీ అయితే ఇది ఎక్కడుంటే మీరూ అక్కడుండాలి కదండీ. కొత్త మీటర్లు బిగించాక మొదటిసారి ఎక్కేటప్పుడు పక్క సీటు మీది."

కొట్లో రైతులు నవ్వారు. నేనూ నవ్వాను. రాజుగారు నవ్వలేదు.

"ఏం శెట్టిగారూ, మాటకి నిలబడతారా, లేకపోతే గ్యారంటీ భూమ్మీద వరకేనా?"

అందరూ నా నోటివంకే చూస్తున్నారు. పాతికేళ్ళుగా అదే మాట మీద కొన్నవాళ్ళు వాళ్ళు. కాదంటే ఆ సాయంత్రానికి కైకలూరు దాకా తెలుస్తుంది. రేపు ఏరియేటరు కొనేవాడు "దీనికైనా ఉందా గ్యారంటీ, విమానం పైపు లాంటిదేనా" అంటాడు. ఒక్క క్షణంలో లెక్క కట్టి చూసుకున్నాను. ప్రాణం ఒక పక్క, పాతికేళ్ళ మాట ఒక పక్క. ప్రాణానికి ఎప్పటికైనా నష్టం తప్పదు, మాటకి అలా కాదు.

"అలాగే కూర్చుంటానండి" అన్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడ రత్నమాణిక్యానికి చెప్పలేదు. చెప్తే ఆమె నన్ను ఆపుతుంది, మాట తప్పినవాణ్ణి నేనవుతాను. మొగుడు మాట తప్పినా ఫరవాలేదు, మనిషి మిగిలితే చాలునని లెక్క వేసే రకం ఆవిడ. ఆ లెక్క తప్పని కూడా నేను చెప్పలేను.

కూర్చోవలసినవాణ్ణి నేనే అని తేలాక నా సరుకు మీద నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. ప్రతి సాయంత్రం కొట్టు కట్టేసి స్కూటరు మీద గొడౌనుకి పోయేవాణ్ణి. "గ్యారంటీగారు వచ్చారు, కుర్చీ వేయండ్రా" అనేవారు రాజుగారు.

ఫణీంద్ర ఓపిగ్గా చెప్పేవాడు. రెక్క కింద ముందుకి పొడుచుకొచ్చి వేలంత గొట్టం ఒకటుంది. ఎదురుగాలి అందులోకి తోసుకొస్తుంది. విమానం నడుముకి రెండు పక్కలా, నాణెమంత బిళ్ళ మధ్యలో సూది బెజ్జమంత రంధ్రం ఉంటుంది. అది గాలి తోపు తగలకుండా, బయట ఊరికే ఉన్న గాలి ఎంత ఒత్తిడితో ఉందో చూస్తుంది. రెంటి నుంచీ నా పైపులు లోపలున్న సెన్సార్ల దాకా వెళతాయి. తోసుకొచ్చే గాలికీ ఊరికే ఉన్న గాలికీ ఉన్న తేడాయే వేగం. పైకి వెళ్ళేకొద్దీ ఊరికే ఉన్న గాలి పలచబడుతుంది కాబట్టి ఎత్తు కూడా ఆ పక్క రంధ్రాల వల్లే తెలుస్తుంది.

"అంటే స్థూలం, తరుగు, నికరం అన్నమాట" అన్నాను.

"అంతే అంకుల్. ముందు గొట్టంది స్థూలం, పక్క రంధ్రాలది తరుగు. తీసేస్తే నికరం వేగం."

ఆ కుర్రాడు మంచి వ్యాపారస్థుడు అవుతాడని అప్పుడే అనుకున్నాను.

పరీక్షకి ఖరీదైన యంత్రం ఏమీ తేలేదు. ఇల్లు కట్టే మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ళ పైపు తెచ్చి గోడకి యు ఆకారంలో కట్టాడు. ఒక కొస ముందు గొట్టానికి తగిలించి, ఇంజెక్షను సిరంజితో మెల్లగా గాలి పంపించాడు. నీళ్ళు రెండంగుళాల తేడా కూడా రాకుండానే తెర మీద వంద కిలోమీటర్ల వేగం చూపించింది.

"ఇంతేనా?" అన్నాను. నా బ్లోయర్లు నిలువెత్తు నీళ్ళ అడుగునుంచి గాలి ఎగదన్నుతాయి. పుట్లకొద్దీ ధాన్యం తూచినవాడికి బంగారం కాటా చూపించినట్టనిపించింది. "దీనికోసం అంత గొడవెందుకు? గట్టిగా ఊదితే సరిపోదూ?" అంటూ పైపు నోటి దగ్గర పెట్టుకున్నాను.

ఫణీంద్ర ఒక్క ఉదుటున వచ్చి లాక్కున్నాడు. "మీరు ఊదితే సెన్సారు చస్తుంది అంకుల్. వీటితో కోడిపిల్లని పట్టుకున్నట్టుండాలి."

తర్వాత పక్క రంధ్రాలు మూసి, సిరంజితో గాలి లాగి పట్టుకుని అంకె పడుతుందా లేదా చూశాం. పడింది. మెల్లగా, ఎవరో దొంగతనంగా తీసుకుపోతున్నట్టు. సబ్బు నురగ రాసి వెతికితే పక్క రంధ్రాల పైపులు కలిసేచోట బుడగ కనిపించింది. ఆ టీ జాయింటు నా కొట్లోదే.

"శెట్టిగారూ, మీ జాయింటు వల్ల మా రొయ్యలు ఊపిరాడక చచ్చాయంటే సర్దుకున్నాం" అన్నారు రాజుగారు. "ఇప్పుడు మీకూ నాకూ ఆడదు."

"రొయ్యలు ఒక్కటి కూడా నా మీద ఫిర్యాదు చేయలేదండీ."

"చెయ్యడానికి మిగిల్తే కదా."

మర్నాడు ఇత్తడి జాయింటు తెచ్చి, కొసలకి క్లిప్పులు వేశాను. మళ్ళీ లాగి పట్టుకున్నాం. ఫణీంద్ర టీ తాగి, ఫోను మాట్లాడి వచ్చేదాకా అంకె కదల్లేదు. రంధ్రాల్లో దుమ్ము పడకుండా రెండు పక్కలా బిళ్ళల మీద టేపు అంటించి, ముందు గొట్టానికి పొడుగాటి తోకున్న ఎర్రగుడ్డ తొడుగు వేశాడు. ఎక్కే ముందు మరిచిపోకుండా ఇవి మూడూ తీయాలన్నాడు. నా సరుకులో లోపం లేదని నా కళ్ళతో చూసుకున్నాను. నా ప్రాణం మీద నాకంత నమ్మకం రావాల్సింది. రాలేదు.

చివరికి ఇంకో దారి వెతికాను. "నేను బరువెక్కువ కదా నాన్నా, మీ విమానానికి సరిపోతానా?" అన్నాను ఫణీంద్రతో. వాడు నన్ను తీసుకెళ్ళి మేత బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక కాటాకి ఈ పక్కనే నిలబడ్డవాణ్ణి, మొదటిసారి దానిమీదికెక్కాను. తూకం ఎక్కువ రావాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్న వ్యాపారస్థుడు ఇంకొకడు ఉంటాడని అనుకోను.

"సరిగ్గా సరిపోతారు అంకుల్" అన్నాడు వాడు సంతోషంగా.

ముహూర్తం రాజుగారి భార్య సూర్యకాంతమ్మగారు పెట్టించారు. ఆవిడకి విమానం మీద కోపమూ లేదు, ప్రేమా లేదు. కొత్త మోటారు వచ్చినా, కొత్త లారీ వచ్చినా, కొత్త ఫ్రిజ్జు వచ్చినా పసుపు రాసి బొట్టు పెట్టనిదే స్విచ్చి వేయనివ్వరు. "ఇదివరకు ఆయన చెప్పకుండా ఎగిరారు కాబట్టి ముల్లు వణికింది" అన్నారు. కొత్త మీటర్లు వచ్చాయి కాబట్టి కొత్త బండి కిందే లెక్క, పూజ తప్పదు.

ఆ ఉదయం పెనుగొండలో అమ్మవారి దర్శనానికి వెళ్తున్నానని మా ఆవిడతో చెప్పి బయల్దేరాను. ప్రసాదం మరిచిపోవద్దంది.

నేను వెళ్ళేసరికి గట్ల మీద జనం నిండిపోయి ఉన్నారు. చెరువు కూలీలు, మేత లారీ వాళ్ళు, చుట్టుపక్కల రైతులు, నా కొట్లో ఆ రోజు నవ్విన వాళ్ళు కూడా వచ్చారు. విమానం గొడౌను ముందు తెల్లగా నిలబడి ఉంది. ఎక్కడినుంచో గేదెలు రన్‌వే మీదికొస్తే వాటిని తోలడానికి ఫణీంద్ర ఆ చివరికి పరిగెత్తాడు. రాజుగారు లోపల కొత్త పంచె కట్టుకుంటున్నారు.

సూర్యకాంతమ్మగారు పసుపు ముద్ద గిన్నె ఒక చేత్తో, కుంకుమ భరిణె ఒక చేత్తో పట్టుకుని విమానం చుట్టూ తిరుగుతున్నారు. నన్ను చూసి, "రండి శెట్టిగారూ, సమయానికొచ్చారు. ఈ గిన్నె పట్టుకోండి" అన్నారు. పట్టుకున్నాను.

చక్రాలకి పెట్టారు. తలుపులకి పెట్టారు. రెక్కలకి, తోకకి, పెట్రోలు మూతకి పెట్టారు. నడుము దగ్గరికొచ్చి ఆగారు.

"ఈ ప్లాస్టరేంటండీ, దెబ్బ తగిలినట్టు? శుభమా అంటూ పూజ చేస్తుంటే." గోరుతో టేపు పీకేశారు. కింద గుండ్రటి బిళ్ళ, మధ్యలో చిన్న చుక్కలాంటి రంధ్రం. ఇలాంటి చోటు చూస్తే తెలుగుదేశంలో ఏ ఆడమనిషి వేలైనా ఊరుకోదు. గుండ్రంగా పసుపు, మధ్యలో కుంకుమ. అటుపక్క కూడా అంతే. విమానానికి రెండు బుగ్గలొచ్చినట్టు బహు లక్షణంగా ఉంది. నేను గిన్నె పట్టుకుని పక్కనే ఉన్నాను. వారమంతా ఆ రంధ్రాల పైపులతోనే కుస్తీ పట్టినవాణ్ణి, బాగా కుదిరిందనే అనుకున్నాను. మా కొట్లో కాటాకి, కంప్యూటరుకి, తాళానికి ప్రతి శుక్రవారం బొట్టు పెట్టేదీ నేనేగా. బొట్టు అడ్డొచ్చే వస్తువు లోకంలో ఉంటుందని ఎప్పుడూ తట్టలేదు.

మూడు చక్రాల కిందా మూడు నిమ్మకాయలు పెట్టించిన శాస్త్రిగారు నాలుగోది పట్టుకుని, "దీన్ని వాహనం ముందు మొనకి గుచ్చాలమ్మా" అన్నారు. ముందున్న పంకాకి గుచ్చనివ్వనని ఫణీంద్ర ముందే చెప్పాడట. ఆవిడ చుట్టూ చూసి, రెక్క కింది గొట్టానికున్న ఎర్రగుడ్డ లాగేశారు.

"అమ్మగారూ, అది..." అన్నాను.

"చూడండి, ఇందుకే పెట్టినట్టు మొన ఎలా ఉందో" అంటూ నిమ్మకాయ ఒత్తారు. దిగబడింది. రసం కారింది. శాస్త్రిగారు మంత్రం అందుకున్నారు. మంత్రం మధ్యలో సూర్యకాంతమ్మగారితో వాదం పెట్టుకునే ధైర్యం రాజుగారికే లేదు, నాకెక్కడిది. ఎలాగూ ఫణీంద్ర చూస్తాడనుకున్నాను.

వాడు చూశాడు. చూసి తల పట్టుకున్నాడు. "పిన్నీ, ఇది విమానం ముక్కు. ఇందులోంచే అది గాలి పీల్చేది."

"పీలిస్తే మంచి వాసనే కదరా."

వాడు నిమ్మకాయ పీకేసి, గొట్టం పైపైన తుడిచాడు. పసుపు బొట్ల సంగతి వాడికీ తట్టలేదు. ఒళ్ళంతా బొట్లున్న విమానంలో రెండు బొట్లు ఎవరికి కనపడతాయి? పైగా టేపు లేదు, తీసేశామనే లెక్క.

రాజుగారు ఎక్కారు. నేను ఎక్కాను. బెల్టు బిగించారు. ఫణీంద్ర కిటికీలోకి వంగి ఇద్దరికీ కలిపి చెప్పాడు. "రన్‌వే పక్కనున్న ఎర్ర డ్రమ్ము దాటేలోపల వేగం అంకె లేవాలి. లేవకపోతే ఆపెయ్యాలి బాబాయ్. వాదన లేదు."

ఇంజను మోత మొదలైంది. గట్ల మీద ఫోన్లన్నీ పైకి లేచాయి. చక్రాల కింద నిమ్మకాయలు చితికి, విమానం కదిలింది. నేను బయటికి చూడలేదు. నా పైపు చివరున్న అంకెనే చూస్తున్నాను. సున్నా.

రోడ్డు మీద కారు కంటే జోరుగా పోతున్నాం. సున్నా. పక్కన గట్టు మీద మనుషులు గీతల్లా కలిసిపోతున్నారు. సున్నా.

"రాజుగారూ, అంకె లేవలేదండి."

"లేస్తుంది, లేస్తుంది" అన్నారాయన. ఆయన చూపు గట్టు మీదుంది. అన్ని ఫోన్ల ముందు ఆగిపోవడం ఆయనకి నచ్చదు. ఎర్ర డ్రమ్ము మీదికొస్తోంది.

నేను అరవలేదు. కొట్లో బేరం తెగ్గొట్టే గొంతుతోనే అన్నాను. "కాటా చెడిపోయినప్పుడు సరుకు తూచకూడదండీ."

ఆ మాట ఎందుకో ఆయన చెవిలో పడింది. రొయ్యలు అమ్మేచోట కాటా మోసంతో చేతులు కాల్చుకున్నవాడాయన. వేగం పెంచే పిడి వెనక్కి లాగారు. ఇంజను మోత తగ్గింది, బ్రేకులు కీచుమన్నాయి. డ్రమ్ము పక్కనుంచి జారుకుంటూ వెళ్ళి, తారు ఇంకా కాస్త మిగిలుండగా ఆగాం.

గట్టు మీద ఎవరో ఈల వేశారు. ఫణీంద్ర మోటారు సైకిలు మీద వచ్చాడు. ముందు గొట్టంలోకి టార్చి వేసి చూసి, పైపు ఊడదీసి, వెనకనుంచి సిరంజితో ఒత్తాడు. టప్పుమని నిమ్మగింజ ఒకటి వచ్చి రాజుగారి కొత్త పంచె మీద పడింది.

ఆయన దాన్ని తీసి చూసుకుని, "ఇంకేం, తేలిపోయింది. పద, వర్జ్యం వచ్చేలోపల ఎక్కుదాం" అన్నారు.

"ఆగండి" అన్నాను. "ఒక బస్తా తడిస్తే లాటంతా విప్పి చూడాలండి. పక్క రంధ్రాలు కూడా చూద్దాం."

"వాటికేం అంకుల్, ఎత్తు సరిగ్గానే చూపిస్తోంది కదా" అన్నాడు ఫణీంద్ర.

"నేల మీద ఉన్నవాడికి నేల మీద ఉన్నావని ఎవరైనా చెప్తారు నాన్నా. పైపు నాది, గ్యారంటీ నాది. రెండు కొసలూ చూడందే నేను ఎక్కను."

రాజుగారు విసుక్కున్నారు. ఫణీంద్ర మాత్రం నా వంక ఒకసారి చూసి, లోపల పైపు విప్పి సిరంజి తగిలించి వెనక్కి లాగాడు. రంధ్రాలు తెరిచి ఉంటే పిడి హాయిగా రావాలి. సగం వచ్చి ఆగింది. వదిలితే స్ప్రింగులా మళ్ళీ లోపలికి పోయింది. వాడు కిందికి దిగి, నడుము దగ్గర వంగి, వేలితో బొట్టు గీకి చూశాడు. ఎండకి పసుపు ముద్ద గచ్చులా బిగుసుకుపోయి ఉంది. అటుపక్కా అంతే.

వాడు గట్టు మీద కూర్చున్నాడు.

"చెప్పరా" అన్నారు రాజుగారు.

"నిమ్మగింజ లేకపోతే ముందు గొట్టం బాగా పని చేసేది బాబాయ్. నేల మీద వేగం సరిగ్గానే చూపించేది. మీరు లేచేవారు. లేచాక, ఎంత పైకెళ్ళినా ఎత్తు మీటరు నేల మీదే ఉన్నామనేది. లోపల నేల గాలే బందీగా ఉంది కదా. వేగం కూడా ఉన్నదానికన్నా తక్కువ చూపించుకుంటూ పోయేది. వేగం పడిపోతోందని మీరు ముక్కు కిందికి దించేవారు. ఇంకా దించేవారు."

రాజుగారు తన చెరువుల వంక చూశారు. కింద ఏమున్నాయో ఆయనకి తెలుసు.

ఈలోపల సూర్యకాంతమ్మగారు గట్టు మీదుగా నడిచి వచ్చారు. విషయం ఫణీంద్ర మళ్ళీ చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

"అయితే నిమ్మకాయ లేకపోతే మీరు ఎగిరేవారన్నమాట" అన్నారు.

"ఎగిరేవాళ్ళం పిన్నీ. కానీ పసుపు..."

"నిమ్మకాయ ఆపింది."

"ఆపింది, కానీ..."

"ఇంకేం కావాలిరా. అందుకే పెట్టమంటారు పెద్దవాళ్ళు."

ఇందులో లెక్క తప్పు ఎక్కడుందో నాకు స్పష్టంగా తెలుసు. పసుపూ నిమ్మకాయా ఒకే పళ్ళెంలోంచి వచ్చాయి. ఒకటి ముంచబోయింది, రెండోది అడ్డం పడింది. నష్టం రాసిన చేతే లాభం రాసుకుంది. కానీ గట్ల మీదికి వార్త చేరేసరికి లాభం ఒక్కటే చేరింది. శాస్త్రిగారు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నారు. కూలీలు చితికిన నిమ్మకాయల కోసం ఎగబడుతున్నారు.

ఎవరో పిన్నీసు ఇచ్చారు. రంధ్రం పెద్దదవుతుందని ఫణీంద్ర ఒప్పుకోలేదు. తడిగుడ్డ పెట్టి నానబెట్టి, లోపలినుంచి పైపులు తీసి, కొంచెం కొంచెంగా శుభ్రం చేశాం. మళ్ళీ నీళ్ళ పైపు కట్టాం. మళ్ళీ లాగి పట్టుకున్నాం. రెండు కొసలూ ఒప్పాయి. సాయంకాలానికి ఇంకో మంచి ఘడియ ఉందని శాస్త్రిగారు వెతికి చెప్పారు.

నేను సీటు వైపు నడిచాను. ఈసారి నిజంగానే భయం తగ్గింది. సరుకు చూసుకున్నవాడి ధైర్యం అది. సరిగ్గా ఆ సమయంలో రాజుగారు నా భుజం మీద చేయి వేశారు.

"శెట్టిగారూ, మీ పైపులో తప్పు లేదు. మీ జాయింటులో తప్పు లేదు. మీరు మాటకి కట్టుబడి కూర్చున్నారు. మీ గ్యారంటీ తీరిపోయింది. ఇంక మీరు కూర్చోనవసరం లేదు."

"పరవాలేదండి, కూర్చుంటాను."

"ఆయన కూర్చోరు" అన్నారు సూర్యకాంతమ్మగారు. "ఎవరి గ్యారంటీ అయితే వాళ్ళే పక్కన కూర్చోవాలని మీరే కదా అందరిముందూ అన్నారు. ఇవాళ గ్యారంటీ నిమ్మకాయది. నిమ్మకాయ నాది."

రాజుగారు పక్కకి తప్పుకున్నారు. ఆయన పెట్టిన షరతే మరి. ఫణీంద్ర ఆవిణ్ణి కాటా ఎక్కించాడు. నాకన్నా చాలా తేలిక. "చూశారా" అన్నారావిడ, ఎవరినీ ఉద్దేశించకుండా. కొంగు నడుముకి దోపుకుని, ముందు కుడికాలు లోపల పెట్టి కూర్చున్నారు. కూర్చున్నాక కిటికీలోంచి కుంకుమ భరిణె నా చేతికిచ్చారు. "ఇది పట్టుకోండి శెట్టిగారూ, ఒలుకుతుంది."

భరిణె పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. విమానం ఎర్ర డ్రమ్ముకి చాలా ముందే నేల విడిచింది. చెరువుల మీద, ఏరియేటర్లు చిమ్మే తెల్లటి నీళ్ళ మీద చిన్న నీడ జరుగుతూ పోయింది. బాగుంది. ఒప్పుకోవాలి, చాలా బాగుంది. పాతికేళ్ళ మాటని నిలబెట్టి, ప్రాణం కూడా దక్కించుకుని, రెండు వైపులా లాభంతో నిలబడ్డవాడికి అంత వెలితిగా ఎందుకుందో నాకు లెక్క తేలలేదు.

దిగాక ఆవిడ ఒకటే అన్నారు. "మన నాలుగో చెరువులో నాచు పట్టిందండీ, పైనుంచి తెలుస్తోంది."

అక్కణ్ణించి పెనుగొండ బస్సెక్కాను. చెప్పిన మాట నిజం చేయాలి కదా. అమ్మవారి దర్శనం చేసుకుని, ప్రసాదం కట్టించుకుని ఇల్లు చేరాను. రత్నమాణిక్యం ప్రసాదం కళ్ళకద్దుకుని, కొంచెం నోట్లో వేసుకుని, ఫోను నా ముందు పెట్టింది. అందులో గట్టు మీదినుంచి ఎవరో తీసిన వీడియో, విమానంలో కూర్చుని బిగుసుకుపోయిన నా ముఖం.

"పెనుగొండ బస్సుకి రెక్కలెప్పుడు పెట్టారండీ?" అంది.

చెప్పాను, మొదట్నుంచీ. ఆవిడ చివరిదాకా విని, "ఆ సూర్యకాంతమ్మగారి ఫోన్ నంబరుందా?" అంది. ఎందుకని అడిగితే, థాంక్స్ చెప్పాలంది.

ఆ వీడియోలో ముందు నేను ఎక్కడం, విమానం ఆగడం, నేను దిగడం, తర్వాత రాజుగారి ఆవిడ ఎక్కి ఎగరడం ఉన్నాయి. మధ్యలో సిరంజి, పసుపు, నిమ్మగింజ, కాటా మాట ఏవీ లేవు. చూసినవాళ్ళకి అర్థమైంది ఒకటే. శెట్టిగారు భయపడి ఆపించి దిగిపోయాడు, ఆడమనిషి ధైర్యంగా ఎక్కింది. కనపడినవాడికల్లా అసలు సంగతి చెప్పుకుంటూ వచ్చాను. అందరూ "ఆయ్, అలాగాండి" అన్నారు. ఎంత నమ్మారో ఆ అనడంలోనే తెలుస్తుంది కదా.

ఫణీంద్ర ఇప్పుడు ఆ బిళ్ళల మీద పూజకోసమని వేరే పెద్ద టేపు వేస్తున్నాడు. సూర్యకాంతమ్మగారు టేపు మీదే బొట్టు పెడుతున్నారు. ఎక్కేముందు టేపుతో పాటు బొట్టూ వచ్చేస్తుంది. ఇద్దరికీ నష్టం లేని ఏర్పాటు. నిమ్మకాయ గుచ్చుకోవడానికి రెక్క కింద వేరే మేకు ఒకటి బిగించాడు.

మొన్న కలిదిండి రైతొకడు కొట్టుకొచ్చి ఆ సన్నటి సిలికాన్ పైపు చుట్ట అడిగాడు. తీసి బల్ల మీద పెట్టాను.

"గ్యారంటీ ఉందాండి?"

అలవాటు కొద్దీ నోరు తెరిచాను. "నేనే..."

"మీరొద్దులెండి శెట్టిగారూ" అన్నాడు మర్యాదగానే. "సూర్యకాంతమ్మగారు ఎక్కిన పైపు ఇదేనా?"

"ఇదేనండి."

"అయితే రెండు చుట్టలు ఇవ్వండి."

ఇచ్చాను.